సమర్థులైన పిల్లలు: తయారీ విధానం
శంషాబాద్, చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులకూ బడి యజమానులకూ కొన్ని సలహాలు

ఈ ఏడాది పేరెంట్స్ మీటింగులో మీకు కొత్త మాట ఒకటి వినిపించి ఉంటుంది: సామర్థ్యాలు. కంగారు పడకండి. 2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గం జాతీయ విద్యావిధానాన్ని ఆమోదించినప్పుడు ఆ మాట ఢిల్లీలో బయలుదేరింది. 2023 ఆగస్టులో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంగా అచ్చయింది. ఇప్పుడు ఆరాంఘర్ చౌరస్తా దాటి మన దాకా వచ్చింది. పుస్తకం దాదాపు ఆరు వందల పేజీలు. దాన్ని రాసిన కమిటీకి పెద్ద కస్తూరిరంగన్ గారు. ఉపగ్రహాలు పంపిన మనిషి కదా, పైనుంచి చూసి రాశారని నాకు తెలిసిన మాస్టారొకాయన అంటుంటాడు. ఆయన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆయన ఇంకా పిల్లలకు పాఠం చెప్పే రకం.

ఆ పుస్తకం మీరు చదవకండి. చదివితే అందులో పిల్లల గురించి రాసిందంతా నిజమేమోనన్న అనుమానం వస్తుంది. సారాంశం నేను చెబుతాను. పిల్లలు బట్టీ మానాలట. ఆలోచించాలి, అడగాలి, నలుగురితో కలిసి పని చేయాలి, మనసులో మాట బయటికి చెప్పగలగాలి, చేత్తో పని చేయడం రావాలి, తామున్న ఊరు తమకు తెలియాలి. ఇవన్నీ ఒక్కసారిగా పిల్లలకు వచ్చేస్తే ఇంట్లో మన గతేమిటో ఆలోచించారా? అందుకే ఈ సలహాలు. వీటిని పాటిస్తే ఒక్క సామర్థ్యమూ పిల్లల దరి చేరదు, కార్డులో మాత్రం అన్నిటికీ నక్షత్రాలు పడతాయి.

ముందు ఫ్లెక్సీ

బడి యజమానులకు మొదటి మాట. బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అని ఎలాగూ ఉంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాక, ఆ మాట లేకుండా మన దగ్గర టిఫిన్ సెంటరు కూడా తెరవడం లేదు. దాని కింద 'కాంపిటెన్సీ బేస్డ్' అని మరో వరస చేర్చండి. ఫీజులో కూడా ఒక వరస చేరుతుంది. ఎందుకని ఎవరైనా అడిగితే కోడ్ చెప్పండి. పాఠ్యప్రణాళికలో ప్రతి సామర్థ్యానికీ సి-1.1, సి-1.2 అని కోడ్లున్నాయి. "మీ బాబుకు సి-4.3 కొంచెం వీకుగా ఉందమ్మా" అంటే ఏ తల్లీ ఎదురు అడగదు. అది విటమిన్ అనుకుంటుంది.

పాత ఫ్లెక్సీలు మాత్రం పారేయకండి. సర్కారు బడిలో పాత ఇనుపపెట్టె తెరిస్తే మీకే తెలుస్తుంది. 1980లలో బ్రిటిష్ వాళ్ల డబ్బుతో ఏపీపీఈపీ అనే ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. 1991లో దవే కమిటీ కనీస అభ్యసన స్థాయిలన్నది. తర్వాత డీపీఈపీ, ఆ తర్వాత సీసీఈ, 2021లో నిపుణ్ భారత్, మరుసటి ఏడు తెలంగాణలో తొలిమెట్టు. ప్రతిసారీ పిల్లవాడే కేంద్రమన్నారు, ప్రతిసారీ రిజిస్టరు అట్ట రంగు మారింది. నాలుగో తరగతి పిల్లవాడు మాత్రం, మూడు వందల రెండులోంచి నూట నలభై ఏడు తీసేయమంటే, పక్కింట్లో సున్నా ఉంటే అప్పు ఎవరినడగాలో తెలియక ప్రతి పథకంలోనూ అక్కడే ఆగిపోయాడు. వాడి దగ్గర కూర్చుని పుల్లల కట్టలు విప్పి చూపించడానికి పావుగంట చాలు. ఆ పావుగంటలో రిజిస్టరు నింపుకోవచ్చని గమనించండి. పుల్లల కట్ట చూపినట్టు సాక్ష్యమేముంటుంది? రిజిస్టరైతే తనిఖీకి వచ్చిన సారుకు చూపించొచ్చు.

విమర్శనాత్మక ఆలోచన

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇది. దీన్ని ఇంటి దగ్గరే, మొగ్గలోనే పట్టుకోవాలి. ఎలా మొదలవుతుందో చూపిస్తాను. తండ్రి ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆరో తరగతి బిడ్డ ముందు సీట్లో కూర్చుంది. వానాకాలం. పోలీసులు బండ్లు ఆపి వెనక్కి తిప్పుతున్నారు.

"డాడీ, హిమాయత్‌సాగర్ గేట్లు తెరిస్తే నీళ్లు సర్వీస్ రోడ్డు మీదికి ఎందుకొస్తున్నయి?"

"వానలు గట్టిగ వడ్డయి బిడ్డా."

"ముందు చెరువు కట్టిండ్రా, రోడ్డు ఏసిండ్రా?"

"చెరువే. నిజాం సర్కారుల కట్టిండ్రు."

"మరి నీళ్లు ఇటే వస్తయని రోడ్డేసినోళ్లకు తెల్వదా?"

"నువ్వు ముందు సోషల్ సదువుకో."

"సోషలే అడుగుతున్న డాడీ."

చూశారా? ఇదే చోట ఆపేయాలి. ఆ తండ్రి సోషల్ పుస్తకం వైపు మళ్లించి మంచి పనే చేశాడు, కానీ కొంచెం ఆలస్యమైంది. నిజానికి ఆ పిల్ల ప్రశ్నకు జవాబు వెతకబోతే 1908 మూసీ వరద తగులుతుంది, మరుసటి ఏడు వచ్చిన విశ్వేశ్వరయ్య తగులుతారు, ఇంకోసారి వరద నగరం మీద పడకుండా పైనే ఆపాలన్న ఆలోచన తగులుతుంది, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తగులుతాయి. ఆ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలు వద్దని 1996లో తెచ్చిన 111 జీవో తగులుతుంది. ఆ పది కిలోమీటర్లలో మన మామయ్య వేసిన వెంచర్ తగులుతుంది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఇంటి గుట్టు నాలుగూ ఒకే ప్రశ్నలో బయటపడతాయి. ఏ కుటుంబం తట్టుకుంటుంది?

సరైన పద్ధతి ఇది. స్టేషనరీ షాపులో 'మూసీ వరదలు' అని రంగుల చార్టు దొరుకుతుంది. కొనండి, అంటించండి, చుట్టూ మెరుపుల టేపు వేయండి. తర్వాత 'విమర్శనాత్మక ఆలోచన ప్రశ్నలు, జవాబులు' ఉన్న గైడు కొనండి. సీబీఎస్ఈ వాళ్లు తొమ్మిది, పది తరగతుల పేపర్లలో సగం ప్రశ్నలు సామర్థ్యాల మీదే ఇస్తామన్నారు కాబట్టి, మీ పిల్లల తరఫున ఎవరో ఒకరు ముందే ఆలోచించి పెట్టిన జవాబులు బజారులో సిద్ధంగా ఉంటాయి. "ఈ పరిస్థితిలో నువ్వైతే ఏం చేస్తావు?" అన్న ప్రశ్నకు తరగతిలో నలభై మంది "నేనైతే పెద్దల సలహా తీసుకుంటాను" అని ఒకే అక్షరదోషంతో రాసిన రోజున, ఆలోచన అనేది మనకు పూర్తిగా స్వాధీనమైనట్టు.

లెక్క అనేది పుస్తకంలోనే ఉంటుంది

మీ పిల్లలకు లెక్కలు బయట ఎదురయ్యే అవకాశం శంషాబాద్‌లో మిగతా ఊళ్ల కంటే ఎక్కువ. అందుకని జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి.

ఉదాహరణకు, బంధువుల పిల్లవాడు ఎమ్మెస్ చేయడానికి అమెరికా పోతున్నాడు. విమానం తెల్లవారుజామున. ఎయిర్‌పోర్టుకు దగ్గరని ముందురోజే అందరూ మీ ఇంట్లో దిగారు. రెండు పెట్టెలు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలు. కొక్కెం కాటాకు వేలాడదీస్తే ఒకటి ఇరవై ఐదున్నర చూపిస్తోంది, రెండోది ఇరవై ఒకటి. వాళ్లమ్మ ఆవకాయ తీయనివ్వదు, వాళ్ల నాన్న కుక్కర్ తీయనివ్వడు. ఏడో తరగతి చదివే మీ అమ్మాయి మంచం మీద కూర్చుని, "పెద్దమ్మా, ఈ పెట్టెల కెల్లి రెండు కిలోలు దాంట్లకు మార్చు, ఇంకా అరకిలో మిగుల్తది, అది జాకెట్ జేబుల పెట్టు" అంటుంది. పెద్దమ్మ మెచ్చుకోబోతుంది. మీరు అడ్డుపడాలి. దశాంశాలు, సగటు, అంచనా, పైగా ఇద్దరు పెద్దల మధ్య రాజీ: వీటిలో ఒక్కదానికీ మార్కుల్లేవు. అమ్మాయిని లేపి లోపలికి పంపి, 'ఒక పెట్టెలో x కిలోలు ఉన్నవి అనుకొనుము' అన్న లెక్క పది సార్లు చేయించండి. అందులో పెట్టె ఉండదు కాబట్టి ధ్యాస చెదరదు.

ఇంకో ప్రమాదం పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్లు, 2009లో తెరిచారు. దాని కింద జనం చిరునామాలన్నీ పిల్లర్ నంబర్లతోనే చెప్పుకుంటారు. బస్సులో పోతూ పిల్లలు వాటిని ముందుకీ వెనక్కీ లెక్కబెడుతూ, రెండు పిల్లర్ల మధ్య దూరమెంతో కట్టేస్తుంటారు. సంఖ్యారేఖ మీద బస్సెక్కి తిరుగుతున్నట్టే. వెంటనే చేతికి ఫోనివ్వండి.

సంచి బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి ఐదు కిలోలు దాటకూడదంది. అవతల విమానమెక్కే పెద్దమనిషికి చేతి సంచి సాధారణంగా ఏడు కిలోలే, అదీ చక్రాల మీద లాక్కుపోతాడు. మనవాళ్లకు చక్రాలెందుకు? వీపు ఉండగా. తూకం అడిగితే లంచ్ బాక్సు, నీళ్ల సీసా, ఐఐటీ ఫౌండేషన్ మెటీరియల్ బయటపెట్టి తూచండి. అవి బడికి సంబంధించినవి కావు, బాల్యానికి సంబంధించినవి.

సంచి లేని రోజులు

పిల్లలను ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు సంచి లేకుండా బయటికి పంపి వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని చూపించమని విద్యావిధానం చెబుతోంది. ఇది అమలు చేయడం చాలా తేలిక. 'సంచి లేని రోజుల రికార్డు' అని రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. దానికి అట్ట, లేబుల్, స్కెచ్ పెన్నులు, గమ్ము తప్పనిసరి. ఇవన్నీ తెచ్చుకోవడానికి సంచి తప్పనిసరి.

బయటికి తీసుకెళ్లాల్సివస్తే ముచ్చింతల్ దాకా బస్సులో తీసుకెళ్లి, 216 అడుగుల రామానుజుల సమానత్వ విగ్రహం ముందు వరసగా నిలబెట్టి ఫొటో తీయించండి. ఎండలో నీడ పొడవు చూసి ఎత్తు కట్టవచ్చని లెక్కల మాస్టారు అనబోతే, బస్సుకు టైమైందనండి. సమానత్వం అంటే ఏమిటి సార్ అని వెనక వరస పిల్లవాడు అడిగితే, ముందు వరసలోకి తోసుకు రావద్దని కసరండి.

చేతిపని

దీనితో మనకు పాత వైరం ఉంది. 1937లో గాంధీగారు వార్ధాలో సభ పెట్టి, పిల్లలకు చదువు ఒక చేతివృత్తి చుట్టూ అల్లి చెప్పాలన్నారు. ప్రణాళిక రాసే కమిటీకి పెద్దగా పెట్టింది జాకిర్ హుస్సేన్‌ను. ఆయన మన హైదరాబాద్‌లో పుట్టినవాడే, తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యారు. ఆయన్ను రాష్ట్రపతిని చేశాం, ఆయన ప్రణాళికను అటకెక్కించాం. ఎంత సమతూకం!

ఇప్పుడు మళ్లీ ఆరో తరగతి నుంచే వృత్తివిద్య అంటున్నారు. జీవజాలంతో పని, యంత్రాలూ పదార్థాలతో పని, మనుషులకు సేవ చేసే పని: మూడు రకాలుగా విడగొట్టారు. పందొమ్మిది నుంచి ఇరవై నాలుగేళ్ల వాళ్లలో పద్ధతిగా పని నేర్చుకున్నవాళ్లు దక్షిణ కొరియాలో 96 శాతం, జర్మనీలో 75, అమెరికాలో 52, మన దేశంలో ఐదు కంటే తక్కువ అని విద్యావిధానమే ఒప్పుకుంది. 2025 నాటికి కనీసం సగం మంది పిల్లలకు ఏదో ఒక పని పరిచయం కావాలంది. 2025 వచ్చింది, వెళ్లింది. మనం నిశ్చింతగా ఉన్నాం.

ఉన్నాం గానీ, శంషాబాద్‌లో ఈ మూడు రకాల పనులూ నడిచివెళ్లే దూరంలో ఉండటం పెద్ద ఇబ్బంది. జీవజాలం కావాలంటే ఊరి చివర ఇంకా బర్రెలున్నాయి, పూలతోటలున్నాయి. యంత్రాలు కావాలంటే విమానాశ్రయం పక్కనే విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే కర్మాగారం 2025 నవంబరులో మొదలైంది. మనుషుల సేవంటే చెప్పేదేముంది: ట్రాలీలు తోసేవాళ్లు, క్యాబులు నడిపేవాళ్లు, సామాన్లు ఎత్తేవాళ్లు, మూడు షిఫ్టుల్లో నేల తుడిచేవాళ్లు. సగం మంది మన పిల్లల అమ్మానాన్నలే. విమానాశ్రయానికి పోయిన ఐదు వేల పైచిలుకు ఎకరాల్లో ఒకప్పుడు నాగలి పట్టినవాళ్లు ఇవాళ అదే నేల మీద సెక్యూరిటీ యూనిఫాం వేసుకుని నిలబడ్డారు. ఏ మట్టిలో ఏం పండుతుందో, బావి ఎంత లోతులో పడుతుందో వాళ్లకు నోటికి వచ్చు.

అలాంటి తాతను బడికి పిలిచి పీటేసి కూర్చోబెట్టి మాట్లాడించమని ఎవరైనా ఉపాధ్యాయురాలు అంటే, ఆవిడకు వెంటనే ఇంకో రిజిస్టరు అప్పగించండి. తాత వస్తే ఏమవుతుంది? "గా రన్‌వే ఉన్న కాడ మా జొన్న చేనుండె" అంటాడు. పిల్లలు కిటికీలోంచి చూస్తారు. ఎకరం ఎంతకు పోయింది తాతా, ఇప్పుడెంత, మధ్యలో ఎవరికి మిగిలింది అని అడుగుతారు. శాతాలు, చక్రవడ్డీ, భూసేకరణ చట్టం ఒక్క పీరియడులో అయిపోతే, మిగతా ఏడాదంతా సిలబస్‌కు ఏం పని? అందుకని వృత్తివిద్యకు థర్మాకోల్ విమానం శ్రేష్ఠం. రెక్కలు అమ్మ కోస్తుంది, రంగు అక్క వేస్తుంది, పేరు పిల్లవాడిది. జట్టుగా పని చేసే సామర్థ్యం కింద కూడా దీన్నే చూపించవచ్చు.

భాష

కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమన్నారు. మన బడి గేటు మీద 'ఇంగ్లిష్ ఓన్లీ జోన్' అని ఉంది. రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి, కొట్టుకోవు. 2018 చట్టంతో తెలంగాణలో ఏ బోర్డు బడైనా తెలుగు నేర్పాలి కదా అంటే, నేర్పుతున్నాం, ఇంగ్లిష్‌లో. సర్కారు బడుల్లో 2022 నుంచి పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ అచ్చేస్తున్నారు. పిల్లలు ఒక పేజీలో అర్థం చేసుకుని ఇంకో పేజీలో మాట నేర్చుకుంటున్నారని ఫిర్యాదులున్నాయి. తెలుగు పేజీలను పిన్ను కొట్టి మూసేయండి.

మీ తరగతిలో ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్ల, బీహార్ పిల్లవాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి, నాయనమ్మతో తెలంగాణ మాట, టీచరుతో పుస్తకాల మాట మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు. ఇంటర్వెల్‌లో ఒకరికొకరు అనువాదం చేసుకుంటారు. భావవ్యక్తీకరణ ఈ స్థాయిలో ఉంటే కొలిచే స్కేలు లేదు. బెల్లు కొట్టి లోపలికి పంపి, 'మై సెల్ఫ్' అన్న పేరా అప్పజెప్పించండి.

కొలతలు

కొలిచే విషయంలో మన దేశం చూపిన దారి గొప్పది. 2009 నాటి అంతర్జాతీయ పీసా పరీక్షకు హిమాచల్‌ప్రదేశ్, తమిళనాడు పిల్లలు కూర్చున్నారు. ఫలితాల్లో అట్టడుగున కనిపించారు. మనం ఏం చేశాం? తర్వాతి పరీక్షలకు వెళ్లడం మానేశాం. ర్యాంకు ఒక్కసారిగా మాయమైంది. మీ అబ్బాయికి జ్వరమొచ్చినప్పుడు థర్మామీటరు విరగ్గొట్టి చూడండి, ఇల్లంతా తేలికపడుతుంది.

దేశంలోపల జరిగే సర్వేలు తప్పించుకోలేం. 2024 డిసెంబరు 4న 'పరఖ్' సర్వే మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగింది. ఇలాంటివి వచ్చే ముందు నెలరోజులు పాఠాలు ఆపేసి ఓఎంఆర్ షీటులో గుండ్రాలు దిద్దించండి. గీత దాటకుండా గుండ్రం నింపడమూ ఒక సామర్థ్యమే. దానికి ఇంకా కోడ్ ఇవ్వలేదు, ఇస్తారు.

చివరిగా, కార్డు

కొత్త ప్రగతి పత్రంలో టీచరు ఒక్కరే రాస్తే చాలదు. పిల్ల తనను తాను అంచనా వేసుకోవాలి, పక్క పిల్ల ఆమె గురించి రాయాలి, తల్లిదండ్రులు రాయాలి. నాలుగు చేతులు కావాలి. మీ ఇంట్లో పెద్దమ్మాయి దస్తూరీ బాగుంటుంది కదా, నాలుగూ ఆమెతో రాయించండి. పిల్లే రాసినట్టు ఉండాలంటే రెండు అక్షరదోషాలు వేయించండి, ఒకచోట కొట్టివేత ఉంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది. 'నాకు కష్టంగా అనిపించినది' అన్న గడిలో 'ఏమీ లేదు' అని రాస్తే అనుమానం వస్తుంది, 'పొద్దున్నే లేవడం' అని రాయండి. పక్క పిల్ల అభిప్రాయం గడిలో 'నా స్నేహితురాలు అందరికీ సహాయం చేయును' అని రాస్తే చాలు, పక్క పిల్ల కార్డులో కూడా అదే ఉంటుంది. 'మా అమ్మాయి నుంచి మేము నేర్చుకున్నది' అన్న గడి ఎదురైతే బెదరకండి, 'క్రమశిక్షణ' అని రాయండి. అది ఏ గడిలోనైనా సరిపోతుంది.

పిల్ల సంతకం ఉండాల్సిన చోట మాత్రం పిల్ల చేతే పెట్టించండి. ఇందులో ఏం రాసిందో చదివి పెడతానని ఆ పిల్ల అంటే, చదవడం అయ్యాక చూద్దాం, బస్సు వచ్చేసిందని చెప్పండి.